ఆరు దాటాక ఈల

సూర్యాపేట,
జూలై 7

పర్వతాలు బావకు,

నువ్వు కట్టి పంపిన గిటారు యాంప్లిఫయరు నిన్న సాయంత్రం ఆర్టీసీ కార్గోలో దిగింది. కౌంటర్లో ఉండే మల్సూర్ దాన్ని లేపబోయి నడుం పట్టుకుని, "అక్కా, గిది పాటల డబ్బానా, పిండి గిర్నీనా?" అన్నాడు. నేనూ అదే అడుగుతున్నాను. ప్లైవుడ్డు దొరక్క మీ రైస్ మిల్లు తలుపు ఊడబీకి పెట్టె కొట్టించావా?

మన కట్టుబాటు ప్రకారం వెనక చెక్క విప్పకముందే విన్నాను. నిన్ను మెచ్చుకోబోవడం లేదు, కంగారు పడకు. అక్కతో నీ పెళ్లయిన కొత్తలో నీ దగ్గర సోల్డరింగ్ నేర్చుకుని నేను మొదటి యాంపు కట్టాను. అది పాడకుండా పొగ వదిలితే మా అమ్మ, "ఎంత మంచిగ చేసింది నా బిడ్డ" అంది. నువ్వేమో, "మెచ్చుకునేటందుకు మీరున్నరు గదా అత్తమ్మా, తిట్టేటందుకు నేనుంట" అన్నావు. ఆనాటి నుంచి ఇదే పద్ధతి. ఒకరు కట్టింది ఇంకొకరు విని, తప్పులు కాగితం మీద రాసి, ఆ కాగితం పెట్టెలో పడేసి తిప్పి పంపాలి. మెచ్చుకోలు ఒక్క ముక్క ఉండకూడదు. ఫోన్లో చెబితే చెల్లదు.

ఇక తిట్లు. సన్నటి స్వరాలు పెంచే ట్రెబుల్ మీట సున్నా మీద పెట్టినా నీ యాంపు చెవిలో సూది దించుతోంది. నా జిరాక్స్ షాపు ముందు పడుకునే కుక్క లేచి కొత్త బస్టాండు వైపు వెళ్లిపోయింది. ఆధార్ కాపీల కోసం వచ్చిన ముసలాయన కాపీలు తీసుకోకుండానే వెళ్లాడు. ఇంతకుముందు పంపింది కూడా ఇంతే, దాని ముందుది కూడా ఇంతే. ఏటికేడు మరీ సన్నగా అరుస్తున్నాయి. నువ్వు గిటారు కోసం కడుతున్నావా, చేలో పిట్టలను తోలడానికి కడుతున్నావా?

ఇప్పుడు అసలు సంగతి. కోదాడలో గ్రేస్ గారని ఒకావిడ పిల్లలకు గిటారు నేర్పుతారు, చర్చిలో వాయిస్తారు. కలెక్టరేట్ పని మీద వచ్చి నా షాపులో నేను కట్టిన చిన్న యాంపు చూశారు. "ఏవండీ, ఇది మీరే చేశారా? మరి నాకొకటి చేసిపెట్టరూ?" అన్నారు. కోదాడ వాళ్లు అలా 'అండీ' తగిలించి అడిగితే కాదనడం కష్టం. డిసెంబరులో ఆమె కొత్త హాలు తెరుస్తున్నారు. ఆ రోజు క్రిస్మస్ పాటలు నా యాంపు మీద వాయిస్తారట.

ఇన్నాళ్లూ మనం కట్టినవి మన రెండిళ్ల మంచాల కిందే ఉన్నాయి. బయటివాళ్లు వినబోయే మొదటి యాంపు ఇది. నాకు భయంగా ఉంది బావా. మా ఆయన జగదీష్, "వంటింట్ల కన్న షాపుల పొగ ఎక్కువొస్తుంది, గిది బయటికి పంపి ఇజ్జత్ తీస్తవా?" అంటున్నాడు. అందుకే గ్రేస్ గారికి ఒక్కటే చెప్పాను. మా బావ విని సరే అంటేనే అది మీ దగ్గరికి వస్తుందని. నా చెవి మీద నాకు నమ్మకం లేదు, నీ చెవి మీద ఉంది. ఇది మెచ్చుకోలు కాదు, జాగ్రత్తగా ఉండమని హెచ్చరిక.

నీ మరదలు,
స్వరూప


మిర్యాలగూడ,
జూలై 21

స్వరూపకు,

నీ తిట్లు చదివాను. రోజంతా జిరాక్స్ మిషను పక్కన కూర్చుంటే చెవులు ఇలాగే అవుతాయి. నా యాంపులో ఉన్నది వెలుగు. నీకు అలవాటు లేక కళ్లు చిట్లిస్తున్నావు. కుక్క వెళ్లిపోయిందంటే అది సంగీతం తెలియని కుక్క. సూర్యాపేటలో అలాంటివి చాలా ఉన్నాయి, కొన్నింటికి జిరాక్స్ షాపులు కూడా ఉన్నాయి.

గ్రేస్ గారు చూసిన ఆ చిన్న యాంపును ఉత్తరంతో పాటు పంపావు కదా, అదీ విన్నాను. దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంది. ట్రెబుల్ ఉందా, అమ్ముకున్నావా? నీ సోల్డరింగ్ చూస్తే ఎవరో అన్నం ముద్దలు అంటించినట్టుంది. ఆ ముద్దలు చూసి కూడా గ్రేస్ గారు ఆర్డర్ ఇచ్చారంటే ఆవిడకు దేవుడి మీద చాలా నమ్మకం ఉన్నట్టే.

ఆవిడ యాంపు మాట నాకు వదిలెయ్. మిల్లులో పొట్టు తీసే మిషను దగ్గర ఇన్నేళ్లుగా ఉన్నాను. బేరింగు పోకముందే దాని చప్పుడు విని ఏ బేరింగు పోబోతోందో చెబుతాను. మా సేటు దీపావళికి స్వీటు డబ్బా ఇస్తూ, "పర్వతాలు చెవి ఉంటే మెకానిక్ ఎందుకు" అంటాడు. అలాంటి చెవి దాటి నీ తప్పు ఒక్కటి కూడా కోదాడ పోదు. నువ్వు భయపడాల్సింది నాకు, గ్రేస్ గారికి కాదు.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. గిటారు నుంచి లోపలికొచ్చే వైరును స్పీకరుకు పోయే వైరు దగ్గరికి రానివ్వకు. ఎలక్షన్లో ఓడినవాణ్ని, గెలిచినవాణ్ని ఒకే జీపు ఎక్కించినట్టు అవుతుంది. అరుపు మొదలైతే ఆగదు.

మొన్న నువ్వు ఫోన్ చేశావట. ఇకమీదట చెయ్యకు. మిల్లులో చప్పుడు, ఇంట్లో మీ అక్క. రెండుచోట్లా ఫోన్ మాట్లాడే వీలు లేదు.

పర్వతాలు


సూర్యాపేట,
సెప్టెంబరు 12

బావకు,

గ్రేస్ గారి యాంపు పంపుతున్నాను. పాత రేడియోల వాల్వులే, కానీ ఈసారి ట్రాన్స్‌ఫార్మరు కొత్తగా చుట్టించాను. బయట తొడుగు ఆటో సీట్లు కుట్టే ఐలన్నతో కుట్టించాను. మెరూన్ రెక్సిన్, పసుపు పైపింగు. అంచుకు కుచ్చులు వేలాడదీస్తానని పట్టుబట్టాడు. "అన్నా, దీనికి ప్యాసింజర్లు ఎక్కరు" అని చేతులు జోడించి ఆపాను.

ఏం తప్పు ఉందో నేను చెప్పను. నువ్వే విని తిట్టు. మీ సేటు మెచ్చుకునే చెవి ఎంతపాటిదో నేనూ చూస్తాను.

స్వరూప


మిర్యాలగూడ,
సెప్టెంబరు 25

స్వరూపకు,

నీ యాంపు విన్నాను. బాగుంది.

గిటారు వాయించకుండా వదిలేస్తే ఏ చప్పుడూ లేదు. మిల్లుకు కరెంటు పోయినప్పుడు ఉండేంత నిశ్శబ్దంగా ఉంది. కొంచెం వెలుగు తక్కువైంది, అందుకని ట్రెబుల్ దగ్గర ఒక చిన్న కెపాసిటరు వేశాను. మిగతాదంతా బాగుంది. రెక్సిన్ కూడా బాగుంది. నీకు చెయ్యి కుదిరింది.

తిప్పి పంపుతున్నాను.

పర్వతాలు


సూర్యాపేట,
అక్టోబరు 1

అక్కకు,

బావకు ఒంట్లో ఎలా ఉంది? జ్వరమా? ఎవరైనా పోయారా? నాకు కాగితం మీద 'బాగుంది' అని రాశాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. 'నీకు చెయ్యి కుదిరింది' అని కూడా రాశాడు. అది చదివి నాకు చెమట పట్టింది.

అక్కా, ఆ యాంపులో సర్రుమని ఇసుక పోస్తున్నట్టు చప్పుడుంది. నాకు తెలుసు, ఒక రెసిస్టరు పాడైనది పడింది. తిడతాడని తెలిసే అలాగే పంపాను. ఆయనేమో మిల్లుకు కరెంటు పోయినంత నిశ్శబ్దం అంటున్నాడు. పైగా ట్రెబుల్ పెంచి పంపాడు. ఇప్పుడు దాన్ని ఆన్ చేస్తే జగదీష్ పక్క గదిలోంచి, "అబ్బ, ఆ కోడిని కోసెయ్యరాదూ" అంటున్నాడు.

నాకు ఒక అనుమానం ఉంది. నువ్వు కాదంటే బాగుండు.

నీ చెల్లి,
స్వరూప


మిర్యాలగూడ,
అక్టోబరు 9

స్వరూపకు,

నువ్వు ఫోన్ చేయకుండా ఉత్తరం రాసి మంచి పని చేశావు. ఫోన్లో మాట్లాడితే మీ బావ ఎదురుగా కూర్చుంటాడు. మాట వినపడదు గానీ నా మొహం చూసి మొత్తం చదివేస్తాడు.

నీ అనుమానం నిజమే. పోయిన ఏడు కుక్కరు విజిల్ రావడం లేదని అన్నాడు. నా కళ్ల ముందే అది కూస్తూనే ఉంది. "ఏది, వస్తలేదు గద" అని దాన్ని విప్పాడు. విప్పి, తుడిచి, బిగించి, మళ్లీ పొయ్యి మీద పెట్టి, మళ్లీ రావడం లేదని కొత్త వెయిటు కొనుక్కొచ్చాడు. ఇప్పుడు మా ఇంట్లో ఒక కుక్కరుకు నాలుగు వెయిట్లు ఉన్నాయి. పప్పు మాత్రం రోజూ గంజి అవుతోంది.

టీవీ పెడితే వీధి చివర దుర్గమ్మ వార్తలు మాకంటే ముందే వింటోంది. పక్కింటి పెళ్లికి పోతే నవ్వే చోట నవ్వడు, అందరూ నవ్వడం అయ్యాక ఒక్కడే నవ్వుతాడు. ఎవరేం అడిగినా, "జర గట్టిగ మాట్లాడరాదు, గొంతుల అన్నం పోతలేదా?" అంటాడు. లోకమంతా గొణుగుతోందని ఆయన నమ్మకం.

దవాఖానకు పోదామంటే ఏమన్నాడో తెలుసా? "చెవుల డాక్టర్ దగ్గరికి నువ్వు పో. నేను ఒక్క మాటంటే నీకు నాలుగు వినపడుతయ్." నాకు కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఈయన మిల్లు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని మేడ మీద ఆ యాంపుల దగ్గరికే పోతాడు. ఇంకో సరదా లేదు, తాగడు, పేకాట ఆడడు. చెవి సంగతి ఒప్పుకుంటే ఆ మెట్లు ఎక్కడం మానేస్తాడని నా భయం.

నేను చెబితే వినడు. నువ్వు ఏదైనా ఉపాయం చూడు.

నవనీత


సూర్యాపేట,
నవంబరు 28

అక్కకు,

ఉపాయం దొరికింది. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేసెయ్.

గ్రేస్ గారి యాంపులో సర్రు చప్పుడు తీసేశాను, బావ వేసిన కెపాసిటరూ తీసేశాను. ఇప్పుడు అది నిజంగా బాగుంది. ఆ తర్వాత కావాలనే లోపలికొచ్చే వైరును స్పీకరు వైరుకు ఆనించి కట్టేశాను. బావ జన్మలో చెయ్యొద్దన్న పని అదే. వాల్యూమ్ ఆరు దాటగానే సన్నటి ఈల మొదలవుతుంది. చెవులున్న మేకకైనా వినపడుతుంది. కొంచెం సరిచేశాను, ఆఖరిసారి వినమని చీటీ పెట్టి ఇవాళే దాన్ని బావకు కార్గోలో వేశాను.

ఆయన విని తిడితే మనిద్దరిదీ ఉత్త అనుమానమే, కొబ్బరికాయ కొడదాం. మళ్లీ 'బాగుంది' అని రాస్తే ఆ ఉత్తరం, ఆ యాంపు రెండూ ఎదురుగా పెట్టి దవాఖానకు లాక్కుపోదాం. తన అక్షరాలను తనే కాదనలేడు కదా. యాంపు తిరిగి రాగానే ఆ కట్టు కోసేస్తే చాలు, చిటికెలో పని. గ్రేస్ గారి హాలు డిసెంబరు పంతొమ్మిదిన తెరుస్తారు. టైముంది.

మీ బావమరదళ్ల ఆటల్లో నన్ను లాగొద్దని నువ్వు అంటావని తెలుసు. నువ్వు లాగమంటేనే లాగాను.

స్వరూప


మిర్యాలగూడ,
డిసెంబరు 17

స్వరూపకు,

ఈసారి పెట్టె లేదు కాబట్టి ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. ఎందుకు లేదో చెబుతాను, కూర్చుని చదువు.

నీ యాంపును మూడు సాయంత్రాలు విన్నాను. మొదటి సాయంత్రం తప్పులు రాద్దామని కాగితం పెట్టుకున్నాను, ఏమీ రాయలేదు. రెండో సాయంత్రం పట్టుదలగా విన్నాను. మూడో సాయంత్రం వాల్యూమ్ పది దాకా పెట్టి, గిటారు పక్కన పడేసి, స్పీకరు గుడ్డకు చెవి ఆనించి కూర్చున్నాను. ఏమీ లేదు. మెత్తటి నిశ్శబ్దం. మళ్లీ గిటారు తీసి నాకు వచ్చిన మూడు కార్డ్లూ వాయించాను. గుండ్రంగా, నిండుగా మోగాయి. మీ అక్క మాత్రం రెండు చెవులూ మూసుకుని కిందికి పోయింది. ఆవిడకు సంగీతం పడదు, నీకు తెలుసు.

తిట్టడానికి ఏమీ లేదు స్వరూపా. నేను ఇలా రాస్తానని అనుకోలేదు. నా చేతికింద నేర్చుకుని నన్ను దాటిపోయావు. కుళ్లు లేదనను, కొంచెం ఉంది. సంతోషమే ఎక్కువ.

పండగ రోజులు, కార్గోలో రద్దీ ఎక్కువ. సూర్యాపేటకు పంపి, నువ్వు మళ్లీ కోదాడ పంపే లోపల హాలు తెరవడం అయిపోతుంది. అందుకని ఈ సాయంత్రం మీ అక్క గుడికి పోయి వచ్చేలోపు హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సులో నేరుగా గ్రేస్ గారికే వేయించాను. అడ్రసూ, హాలు తెరిచే తేదీ పెట్టెలో ఉన్న ఆర్డరు కాగితం మీద ఉన్నాయి. వెనక చెక్క మీద మార్కరుతో పెద్దగా రాశాను: 'విన్నాను. బాగుంది. పర్వతాలు, మిర్యాలగూడ.'

నీకు శ్రమ తప్పించాను. మీ ఆయనకు ఈ ఉత్తరం చూపించు.

నీ బావ,
పర్వతాలు


సూర్యాపేట,
డిసెంబరు 22

బావకు,

నీ ఉత్తరం ఇవాళ చేరింది. నాలుగు రోజులు ముందు చేరి ఉంటే నేను ఇది రాసే పని ఉండేది కాదు.

పంతొమ్మిది పొద్దున గ్రేస్ గారు ఫోన్ చేశారు. "చేరిందండీ, చాలా ముచ్చటగా ఉందండీ. మీ బావగారు వెనకాల భలే రాశారు" అన్నారు. వాయించొద్దని చెప్పేలోపు పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు, హాలు పనుల్లో ఉన్నారు. స్క్రూడ్రైవరూ కట్టరూ బ్యాగులో వేసుకుని షాపు తాళం జగదీష్ మొహాన కొట్టి బస్సెక్కాను. ఆ బస్సు హైవే మీద హోటల్ దగ్గర టీకి ఆగింది. డ్రైవరు మిర్చి బజ్జీ తిన్నాడు, ఇంకో ప్లేటు చెప్పాడు. "అన్నా, జల్ది పోనియ్" అంటే, "ఏమక్కా, పెండ్లి ముహూర్తమా?" అన్నాడు.

నేను కోదాడలో దిగి ఆ సందులోకి మలుపు తిరిగేసరికే ఈల వినపడింది. సందు చివరికి, బావా.

లోపల వందమంది ఉన్నారు. గ్రేస్ గారు తెల్ల చీర కట్టుకుని గిటారు పట్టుకుని నిలబడ్డారు. ఆ ఈల పాట కంటే ముందు మొదలై పాట ఆగాక కూడా ఆగలేదు. పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతున్నారు. చర్చిలో కీబోర్డు వాయించే జాన్ అనే ఆయన, "దేవదూతలు ముందే వచ్చేశారండీ, వాళ్ల బూరలే ఇవి" అన్నాడు. జనం ఇంకా నవ్వారు. ఆమె ప్లగ్గు పీకేసి ఉత్త గొంతుతో పాడారు.

అందరూ వెళ్లాక వెనక చెక్క విప్పి ఆ కట్టు కోసేశాను. ఒక్క నిమిషం పని. ఈల పోయింది. వినడానికి ఎవరూ లేరు.

ఏ కట్టు అని అడుగుతావు. చెబుతున్నాను. ఆ రెండు వైర్లూ కలిపి కట్టింది నేనే, నిన్ను పరీక్షించడానికి. నీకు పైచప్పుళ్లు వినపడటం లేదు బావా. కుక్కరు బాగానే ఉంది. నా కుక్క మంచి కుక్క. నీకు చెబుదామంటే నువ్వు వినే రకం కాదు, అందుకని పెట్టెలో ఈల పెట్టి పంపాను. నువ్వు దాన్ని వందమంది ముందుకు పంపావు, పైన సంతకం పెట్టి మరీ.

గ్రేస్ గారికి కూడా అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "ఆయనకి వినపడట్లేదని మీకు ముందే తెలుసు కదండీ. ఎదురుగా కూర్చుని అడగొచ్చుగా? దానికి నా హాలు కావాల్సొచ్చిందా?" అన్నారు. నేను నీ దగ్గర ఇన్ని తిట్లు తిన్నాను గానీ ఇలాంటిది ఒక్కటీ తినలేదు.

యాంపు తిరిగి తెచ్చుకున్నాను. ఆమె ఆర్డరు వద్దనలేదు, ఈస్టర్ దాకా చూస్తానన్నారు. "బాగుందని నాకు కాయితం వద్దండీ. మీరూ ఆయనా వచ్చి, నా ముందు కూర్చుని విని చెప్పండి" అన్నారు.

నీ మీద కోపంగా ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. దవాఖానకు వెళ్లు.

స్వరూప


మిర్యాలగూడ,
డిసెంబరు 29

స్వరూపకు,

చదివాను.

నాకు నేర్పడానికి నేను నేర్పిన తప్పునే వాడుకున్నావు. తెలివైనదానివి. నువ్వూ మీ అక్కా కలిసి ఇంట్లో నన్ను పిచ్చివాణ్ని చేసి నవ్వుకున్నారు. వందమందిలో నా పేరు రాసిన చెక్కను చూసి కోదాడ నవ్వింది.

నా చెవులు బాగానే ఉన్నాయి. ఇకమీదట పెట్టెలు పంపకు. నేనూ పంపను.

పర్వతాలు


సూర్యాపేట,
జనవరి 5

బావకు,

ఎవరం నవ్వలేదు. అక్క ఏడ్చింది, నాకు రాసింది. నువ్వు మెట్లెక్కడం మానేస్తావని ఆమె భయం. నన్ను తిట్టేవాళ్లు లేకుండా పోతారని నాది.

పెట్టె పంపను. గ్రేస్ గారి యాంపు నా షాపులో బల్ల కింద ఉంది. నేను విన్నాను, బాగుంది. కానీ నువ్వు లేకుండా దాన్ని కోదాడ తీసుకుపోను. అది అక్కడే మగ్గిపోయినా సరే. జగదీష్ దాని మీద టిఫిన్ డబ్బా పెడుతున్నాడు.

నీకు కోపం ఎన్నాళ్లుంటుందో ఉండనీ. నేను మొండిదాన్నని నీకు తెలుసు.

స్వరూప


మిర్యాలగూడ,
ఫిబ్రవరి 2

స్వరూపకు,

దవాఖానకు పోయాను. మీ అక్కకు చెప్పకుండా, మిల్లు నుంచి నేరుగా.

చిన్న గాజు గది. లోపల కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు, చేతికి ఒక బటన్ ఇచ్చారు. నీ వయసు అమ్మాయి, ప్రవళిక అని పేరు రాసి ఉంది. "చప్పుడు వినపడ్డప్పుడల్లా నొక్కండి పెద్దనాయనా" అంది. మొదట్లో బానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఆ పిల్ల గాజు అవతల మీటలు తిప్పుతూ నా వైపు చూస్తోంది. నేను ఆమె వైపు చూస్తున్నాను. మిషను ఆగిపోయిందనుకున్నాను. తలుపు తీసి, "బిడ్డా, నీ హెడ్‌ఫోన్ వైరు లూజున్నట్టుంది. స్క్రూడ్రైవర్ ఉంటే ఇయ్యి, నేను చేసిపెడ్త" అన్నాను.

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

బయటికొచ్చి స్కూటరు మీద కూర్చున్నాను, కిక్కు కొట్టలేకపోయాను. భయం వేసింది స్వరూపా. మిల్లులో అందరం అరుచుకునే మాట్లాడతాం కాబట్టి నాకు అక్కడ తేడా తెలియలేదు. ఫోన్లో నీ మాట సగమే అందుతోందని మాత్రం ఎప్పుడో తెలిసింది. అందుకే చెయ్యొద్దన్నాను. చెవి పోతే పర్వతాలుకు మిగిలేది ఏముంది అని ఆలోచన వస్తే దాన్ని తోసేసి, ఇంకో కెపాసిటరు వేసేవాణ్ని.

ఒక్కటి మాత్రం నమ్ము. నీకు నేను అబద్ధం రాయలేదు. స్పీకరుకు చెవి ఆనించి కూర్చున్నప్పుడు నాకు నిజంగా అంత నిశ్శబ్దంగానే ఉండింది.

మా సేటుకు డాక్టరు కాగితం చూపించాను. మిషన్ల దగ్గర అందరికీ చెవులకు పెట్టుకునేవి కొనమన్నాను. స్వీటు డబ్బాలు ఆపేసి అయినా కొనమన్నాను. "ఇన్నేండ్లు లేనిది ఇప్పుడేం రోగం" అన్నాడు. రోగం ఏమిటో కాగితంలో రాసి ఉందన్నాను. ఇంకా కొనలేదు. నేను అడగడం ఆపలేదు.

చెవికి మిషను పెట్టారు. నేను కట్టిన యాంపులన్నీ మేడ మీద వరసగా పెట్టి దానితో విన్నాను. నువ్వు ఇన్నాళ్లు రాసిన తిట్లు తక్కువ. రేకు మీద మేకు గీసినట్టున్నాయి. ఇలాంటివి కట్టి నీకు పంపినవాడు మనిషి కాదు, వాడి చేతిలో సోల్డరింగ్ ఐరన్ పెట్టినవాడిని అనాలి. ఇంకా రాద్దును గానీ కాగితం చాలదు. అయితే ఈ మిషనులో మీ అక్క మాట కూడా కూరగాయల బండి మైకులాగే ఉంది. మాటలకు పనికొస్తుంది గానీ పోయిన చప్పుళ్లను తేలేదని డాక్టరు చెప్పింది. దీన్ని నమ్మి యాంపు సరిచెయ్యలేను. చెయ్యి మాత్రం నాది ఇంకా వణకడం లేదు.

ఆదివారం రా. కోదాడ యాంపు కూడా తీసుకురా, దాని మీద నుంచి ఆ టిఫిన్ డబ్బా తీసెయ్. ముందు నా వాటి పని పడదాం, తర్వాత మీ అక్కతో కలిసి ముగ్గురం బస్సెక్కి గ్రేస్ గారి దగ్గరికి పోదాం. ఆమె నన్ను ఏమంటారో అననీ, గట్టిగా అంటే అందుతుంది.

మీట నేనే తిప్పుతాను. నువ్వు నా పక్కన కూర్చుని విను. ఎక్కడ చెవి కొయ్యడం మొదలవుతుందో అక్కడ నా భుజం మీద తట్టు. అరవనక్కర్లేదు.

పర్వతాలు